పోయిన ఆటీను ఏడు

నెల్లూరు జిల్లా, బోగోలు మండలం, లాకుపాలెంలో కాపురం ఉంటున్న నేను, బకింగ్‌హాం కాలువ లాకు తలుపులు తిప్పే లస్కరుగా పనిచేసిన కీర్తిశేషులు మేకల సమాధానం గారి భార్య ఎలిశబెతు, వయస్సు డెబ్బై ఎనిమిది, ఈ దినం నా ఇంటి వసారాలో కూర్చుని, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టప్రకారం చెప్పి రాయించిన వీలునామా ఇది.

నా కుడి కంట్లో శుక్లం ఉంది. మోకాళ్లు మాట వినవు. జ్ఞాపకం మాత్రం తేటగా ఉంది. మధ్యాహ్నం కునుకు పట్టినప్పుడు తెరచాప పడవలు సర్వి (సరుగుడు) తోపుల మధ్యగా, కింద నీళ్లు కనపడకుండా, ఇసుక మీద నడిచి వస్తున్నట్టు వస్తాయి. కళ్లు తెరిస్తే కాలువలో తుంగ తప్ప ఏమీ ఉండదు. అది కల అని నాకు తెలుసు. కలకూ ఆస్తికీ తేడా తెలిసినంత కాలం వీలునామా రాయవచ్చునని వకీలు వాణి గారు చెప్పారు. ఆమే ఇది రాస్తున్నారు. నేను చెప్పినదాంట్లో కొన్ని సంగతులు వీలునామాకు అక్కర్లేదన్నారు. అవి కూడా రాయమన్నాను. ఇంతకు మునుపు నేను ఏ వీలునామా రాయలేదు.

1. లాకుపాలెంలో ముప్పై అంకణాల స్థలం, అందులోని రెండు గదుల పెంకుటిల్లు, వసారా, బోరు, మునగచెట్టు నాకు మా ఆయన ద్వారా సంక్రమించినవి. హద్దులు: తూర్పున కాలువ కట్ట, పడమర పంచాయతీ దారి, దక్షిణాన గుడి ప్రహరీ, ఉత్తరాన ఉప్పుకొటారుకు పోయే బాట. ఈ ఇంటిని నా తదనంతరం నా కుమార్తె, కోవూరులో టీచరుగా ఉన్న లిల్లీ సర్వహక్కులతో అనుభవించవలెను. వసారాకు గ్రిల్లు పెట్టించవద్దు. ఇది షరతు కాదు, కోరిక.

2. కట్టకు ఆవల ఉన్న అరవై సెంట్ల సర్వి తోట నా కుమారుడు బెన్హరుకు చెందవలెను. అతను కావలిలో కరెంటు పని చేస్తాడు. ఆ తోటలో ఒక్క మొక్క కూడా తను నాటలేదు. అయినా చిన్నప్పుడు జ్వరం వస్తే అక్కడే పడుకోబెట్టమనేవాడు. సర్వి ఆకుల్లో గాలి పోతుంటే నిద్ర పట్టేది. అందుకని అతనికే.

3. లాకు తలుపులు తిప్పే ఇనుప చెయ్యి ఒకటి ఇంట్లో ఉంది. కాలువ మూతపడ్డాక దాన్ని తిరిగి ఇమ్మని ఎవరూ అడగలేదు. అది కూడా బెన్హరుకే. పాత ఇనుము వాళ్లకు వెయ్యవద్దని మనవి.

4. నా దగ్గర ఒక పేక ఉంది. వెనకవైపు నీలం రంగు మీద తెల్ల పడవ బొమ్మ. మూలలు మెత్తబడి గుడ్డలాగా అయ్యాయి. దాన్ని లిల్లీ కూతురు, నెల్లూరులో నర్సింగు చదువుతున్న మెర్లిన్‌కు ఇస్తున్నాను. దానితోపాటు ఆట కూడా ఇస్తున్నాను. ఆట తెలియనివాళ్లకు పేక ఉత్త అట్టముక్కలు.

5. ఈ ఆట మాకు ఎట్లా వచ్చిందంటే: 1969లో కాలువ తనిఖీకి ఆండ్రూ గారని ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దమనిషి వచ్చారు. వచ్చిన సాయంత్రమే వాన పట్టుకుంది. అయిదు రోజులు విడవలేదు. కట్ట మీద దారి మునిగిపోయింది. ఆయన మా వసారాలో, మా ఆయన లుంగీ కట్టుకుని, నేను చేసిన రొయ్యల పులుసు తింటూ ఉండిపోయారు. వానకు ఆగిపోయిన పడవల్లో ఒకటి పెంచలకృష్ణది. బోగోలు మనిషి, మా ఆయనకన్నా రెండేళ్లు చిన్న. సర్వి కట్టెలు మద్రాసుకు వేసుకుపోయేవాడు. మా ఆయనను అన్న అనేవాడు, నన్ను వదినా అనేవాడు. ఆ అయిదు రోజుల్లో ఆండ్రూ గారు ఆ ఇద్దరికీ అయిదు ముక్కల పోకరు నేర్పారు. నాలుగో మనిషి కావలసి వచ్చి నన్ను కూర్చోబెట్టారు. మూడో రోజుకు పందెం పెట్టిన చింతగింజలన్నీ నా ముందే ఉన్నాయి. ఆండ్రూ గారు నవ్వి, "అమ్మా, మీ మొహంలో ఏమీ కనపడదు, ఈ కాలువ లాగా," అన్నారు. వెళ్తూ వెళ్తూ పేక నా చేతిలో పెట్టి వెళ్లారు. మళ్లీ ఆయన్ని చూడలేదు.

6. మెర్లిన్ తెలుసుకోవలసిన పద్ధతి ఇది. నలుగురికి బాగుంటుంది, ముగ్గురికీ ఫరవాలేదు. యాభై రెండు ముక్కలు కలిపి, ఒక్కొక్కరికీ అయిదు, ఒకటొకటిగా మూసి వెయ్యాలి. చూసుకుని మొదటి పందెం పెట్టాలి. తర్వాత పనికిరాని ముక్కలు మూసి పక్కన పెట్టి అన్నే కొత్తవి తీసుకోవాలి. మూడుకు మించి మార్చకూడదు. మళ్లీ పందెం. ముందువాళ్లు పెట్టినంత పెట్టాలి, లేదా పెంచాలి, లేదా ముక్కలు మూసి తప్పుకోవాలి. చివరికి మిగిలినవాళ్లు తిప్పి చూపాలి. ఒక్కరే మిగిలితే చూపనక్కర్లేదు. వాళ్ల చేతిలో ఏముందో ఎవరూ అడగకూడదు.

ఏమీ లేని చేతికన్నా జత ఎక్కువ. దానికన్నా రెండు జతలు. దానికన్నా ఒకే అంకెవి మూడు. దానికన్నా అయిదూ వరుసగా ఉండడం. పడవవాళ్లు దీన్ని కాలవ అనేవాళ్లు. దానికన్నా అయిదూ ఒకే గుర్తు. దానికన్నా ఒక అంకెవి మూడూ, ఇంకో అంకెవి రెండూ. దీని పేరు సంసారం, ఇద్దరు పెద్దవాళ్లు, ముగ్గురు పిల్లలు. దానికన్నా ఒకే అంకెవి నాలుగు. అన్నిటికన్నా పైన ఒకే గుర్తులో కాలవ. అది నాకు జన్మలో రాలేదు.

పందెం చింతగింజలే. మా వసారాలో ఎప్పుడూ అంతకుమించి పెట్టలేదు.

7. ఈ ఆట ఇప్పుడు ఎవరూ ఆడడం లేదు. ఒకప్పుడు లాకుకు ఇవతల పది పడవలు ఆగితే ఆరింటి మీద ఈ ఆట సాగేది. సముద్రపు పోటు కోసం కాచుకునేవాళ్లకు పొద్దు పోవాలి కదా. పడవలు పోయాక కాచుకునేవాళ్లూ పోయారు. ఊళ్లో మగవాళ్లకు రమ్మీ ఒక్కటే తెలుసు, అదీ ఫోన్లోనే. పోయిన ఏడు మెర్లిన్ తన ఫోన్లో ఇప్పటి పోకరు చూపించింది. చేతిలో రెండే ముక్కలట, మిగతా అయిదూ అందరి ముందూ తెరిచి ఉంటాయట. బాగానే ఉంది. అందరికీ సగం తెలిసిపోతుంది. మా ఆటలో ఎదుటి మనిషి గురించి తెలిసేది ఒక్కటే, ఎన్ని ముక్కలు మార్చుకున్నాడన్నది. మిగిలిందంతా అతని మొహంలో వెతుక్కోవాలి. ఒక మనిషి మొహం వైపు అంతసేపు ఊరికే చూడడానికి ఈ కాలంలో ఇంకే సాకూ లేదు.

8. నా ఆడబిడ్డ ఆనందకుమారికి, ప్రస్తుతం కావలిలో కొడుకు దగ్గర ఉంది, నా పెద్ద ఇత్తడి గంగాళం ఇస్తున్నాను. అది తనకు మొదటినుంచీ ఇష్టం. 1974లో నేను మగవాళ్ల మధ్య కూర్చుని పేకాడుతున్నానని సంఘ పెద్దలకు చెప్పింది తనే. ఏడాది దాకా నన్ను ప్రభువు బల్లకు దూరంగా ఉంచారు. రొట్టె పళ్లెం నా వరుసలోకి వచ్చి, నన్ను దాటి పక్కామె చేతికి పోయేది. ఆనందకుమారి చెప్పింది నిజమే. అబద్ధమైతే ఎప్పుడో మరిచిపోయి ఉండేదాన్ని. గంగాళం అడుగున సొట్ట ఉంది, చూసుకుని తీసుకోవాలి.

9. ఇక్కడ వాణి గారు కలం ఆపి, "ఇది కూడానా అమ్మా?" అన్నారు. ఇదే ముఖ్యం. నా పిల్లలకు ఈ సంగతి తెలియదు.

1975 జనవరిలో ఒక పగటిపూట ఇంట్లో ఒక్కదాన్నే ఉండి ముక్కలు పరుచుకుని చూసుకుంటున్నాను. అప్పటికి అందరి ముందూ ఆడడం మానేశాను. చేతులు మానలేదు. బయట పాస్టరు గారి సైకిలు చప్పుడైంది. ముక్కలన్నీ ఒళ్లో వేసుకుని కొంగు కప్పాను. ఒకటి చాప మీద మిగిలిపోయింది. దాన్ని పక్కనున్న పాటల పుస్తకంలోకి తోసి, పుస్తకం చేతిలో పట్టుకుని లేవకుండా దండం పెట్టాను. ఆయన గుమ్మంలోనే నిలబడి, "పేక వదిలేసినావా అమ్మా?" అని అడిగారు. "వదిలేసినానయ్యా," అన్నాను. ఆ మాట మీదనే ఈస్టరుకు నన్ను మళ్లీ బల్లకు చేర్చుకున్నారు.

ఆ సాయంత్రం చూస్తే పేకలో ఆటీను ఏడు లేదు. ఏ పుటలో తోశానో గుర్తులేక పుస్తకం దులిపాను; రాలలేదు. పాత పుస్తకం, తడిసి పుటలు అంటుకుని ఉన్నాయి. పేకలోని జోకరు మీద లాకు రిజిస్టరుకు వాడే ఎర్ర సిరాతో ఏడు ఆటీన్లు గీశాను. మా ఆయన, పెంచలకృష్ణ ఏడాది పొడుగునా దానితోనే ఆడారు. పోయిన ముక్క ఏమైందని అడిగితే ఏమో అన్నాను.

డిసెంబరులో, క్రిస్మస్‌కు వారం ముందు, పాటలు నేర్చుకోవడానికి ఆ పుస్తకం తెరిచాను. క్రిస్మస్ పాటల మధ్య ఆటీను ఏడు ఉంది. ఏడాదికి ఒకసారి తెరిచే పుటలు. తప్పిపోయిన కోడిపిల్ల దొరికినంత సంతోషమైంది. తెచ్చి పేక మధ్యలో పెట్టాను. నేను గీసిన జోకరును తర్వాత తీసేద్దామనుకున్నాను. పొయ్యి మీద అరిసెల పాకం ఉంది. మరిచిపోయాను.

ఆ మధ్యాహ్నం పెంచలకృష్ణ పడవ వచ్చింది. మా ఆయన, అతను, పడవ మీది కళాసులు ఇద్దరు వసారాలో కూర్చున్నారు. ఆనందకుమారి గడప దగ్గర బియ్యం ఏరుతోంది. నేను వంటింటి తలుపులో ఉన్నాను. కళాసులు ముక్కలు మూసేశారు. మా ఆయన పెంచాడు, పెంచలకృష్ణ పెంచాడు. ఇద్దరి మొహాల్లోనూ పిల్లల సంబరం. మా ఆయన తిప్పాడు: అయిదూ ఆటీన్లు, అందులో ఒకటి నేను గీసిన ఏడు. పెంచలకృష్ణ నవ్వుతూ, "సంసారమన్నా," అని తిప్పాడు. రెండు జాకీలు, మూడు ఏడులు. ఆ మూడింట్లో అసలు ఆటీను ఏడు ఉంది.

మా ఆయన రెండు ఆటీను ఏడులనూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఏడాదిగా కనపడని ముక్క ఇది. నీ దగ్గరికి ఎట్ట వచ్చింది పెంచలా?" అన్నాడు మా ఆయన.

"పంచింది నువ్వే గదన్నా."

"నా ఇంట్లో అన్నం తిని, నా మీదనే దొంగాట ఆడినావా? చింతగింజల కోసమా?"

పెంచలకృష్ణ నా వైపు చూశాడు. అనుమానంతో కాదు. వదినె ఏదో ఒకటి చెబుతుంది, నవ్వేసి సర్దుతుంది అన్నట్టు చూశాడు. నేను నోరు తెరిచాను. ఆనందకుమారి చేట దించి నా వైపే చూస్తోంది. ఆ ముక్క నా పాటల పుస్తకంలో దొరికిందని చెబితే, పాస్టరు గారికి నేను చెప్పిన మాట ఏమిటో ఆ ఆదివారానికల్లా సంఘమంతా తెలుస్తుంది. పళ్లెం మళ్లీ నన్ను దాటిపోతుంది. నేను నోరు మూసుకున్నాను. నా మొహంలో ఏమీ కనపడలేదు.

పెంచలకృష్ణ తన ముందున్న గింజలన్నీ మా ఆయన వైపు తోసి లేచాడు. "లాకు తియ్యన్నా. పోతా."

లాకు అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పడవ రెండు తలుపుల మధ్యకు రావాలి. వెనక తలుపు మూయాలి. లోపలి నీళ్లు మెల్లగా దిగి, అవతలి నీళ్లతో సమానమయ్యేదాకా ముందు తలుపు తెరవకూడదు. అరగంట పడుతుంది. ఆ అరగంటా మా ఆయన గట్టున ఇనుప చెయ్యి తిప్పుతూ, పెంచలకృష్ణ పడవలో గెడ పట్టుకుని, బారెడు దూరంలో ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నీళ్లు దిగుతున్న కొద్దీ అతను కిందికి, ఇంకా కిందికి పోతున్నాడు. ముందు మోకాళ్లు కనపడకుండా పోయాయి, తర్వాత నడుము, తర్వాత భుజాలు. నేను వసారా మెట్టు మీద నిలబడి ఉన్నాను. పిలిస్తే వినపడేంత దూరం. ఇప్పుడు చెబుదాం, తలపాగా ఉంది ఇంకా, ఇప్పుడు చెబుదాం అనుకుంటున్నాను. తలుపులు తెరుచుకున్నాయి. పడవ వెళ్లిపోయింది.

రాత్రికి మా ఆయనకు చెబుదామనుకున్నాను. తెల్లారి చెబుదామనుకున్నాను. ఆలస్యమయ్యే కొద్దీ ముక్క సంగతి చిన్నదై, దాచిన సంగతి పెద్దదైంది. పెంచలకృష్ణ పడవ ఇంకా కొన్నేళ్లు మా లాకు దాటింది. కాని అతను గుడ్డ కప్పుకుని అడుగున పడుకునేవాడు. కళాసులే గెడ వేసేవాళ్లు. మా ఆయన మళ్లీ పేక ముట్టలేదు. తర్వాత పడవలే ఆగిపోయాయి. 1998లో మా ఆయన పోయేముందు, జ్వరంలో, "పెంచల పడవ ఇంకా రాలేదే," అన్నాడు. "వస్తుంది," అన్నాను. కాలువలో అప్పటికి నీళ్లు కూడా సరిగా లేవు.

10. మూడేళ్ల కిందట షేరాటో ఎక్కి బోగోలు వెళ్లాను. పెంచలకృష్ణ మంచం మీద కూర్చుని పురికొస పేనుతున్నాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంత సేపు పట్టింది. చెప్పాను. పొయ్యి మీది పాకంతో సహా అంతా చెప్పాను. అతని కోడలు కామాక్షి మజ్జిగ తెచ్చి, మా మాటలు విని, అక్కడే ఆగిపోయింది.

అతను పురికొస పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు: "వదినా, ఆ దినం ఇంటికి పోయి మా అమ్మకు చెప్పలేకపోయినా. అన్న నన్ను దొంగ అన్నాడని చెప్తే, అమ్మ నమ్ముద్దేమోనని భయం. అమ్మ పోయేదాకా లాకుపాలెం మాటెత్తలేదు నేను." మళ్లీ పురికొస అందుకుని, "నలభై ఆరేళ్లు. పో వదినా. ఇంక రావాకు," అన్నాడు.

మజ్జిగ తాగకుండా వచ్చేశాను.

నెల దాటాక ఒక శనివారం పగలు కామాక్షి స్కూటరు మీద అతన్ని కూర్చోబెట్టుకుని వచ్చింది. అతను వసారా ఎక్కలేదు. "అన్నను యాడ పెట్టినారు?" అని అడిగాడు. సమాధుల దొడ్డి దాకా ముగ్గురం నడిచాం. మా ఆయన రాయి దగ్గర ఇసుకలో కూర్చుని, రాయి మీది సర్వి ఆకులు చేత్తో తుడిచి, మామూలు గొంతుతో చెప్పాడు: "అన్నా, నేను తియ్యలేదు. నీకు తెలవాలని వచ్చినా." తర్వాత నా వైపు తిరిగి, "ఇప్పుడు నువ్వు చెప్పు వదినా. నాకు చెప్పినట్టే, అంతా చెప్పు," అన్నాడు.

నిలబడి చెప్పాను. సముద్రం వైపునుంచి గాలి వస్తోంది. పుస్తకం దగ్గర మొదలుపెట్టాను. తలపాగా దగ్గర ఆగిపోయాను. అతను చాలనలేదు, ఓదార్చలేదు. నేను మళ్లీ మొదలుపెట్టేదాకా కాచుకుని కూర్చున్నాడు.

తిరిగి వచ్చాక వసారా ఎక్కాడు. ఆ తర్వాతి వారం పేక తెమ్మన్నాడు. అప్పటినుంచి ప్రతి శనివారం వస్తున్నాడు. మూడో చెయ్యి కామాక్షి. ఆమెకు ఆట బాగా పట్టుబడింది. ఏమీ లేకుండా పెంచి మమ్మల్ని ఇద్దర్నీ తప్పిస్తుంది. ఒక్కోసారి ఎండ వాలాక, ముక్కలు చేతిలో ఉండగానే పెంచలకృష్ణకు కునుకు పడుతుంది. లేపము. అతని కలలో కూడా పడవలు పోతుంటాయని నాకు అనుమానం.

11. పైన నాలుగో అంశంలోని పేకలో ఇప్పుడు అసలు ఏడు ఉంది. నేను గీసిన జోకరు వేరే కవరులో ఉంది. అది కూడా మెర్లిన్‌దే. రెంటినీ ఒకే కట్టలో కలపకూడదు. ఇది కోరిక కాదు, షరతు.

12. మా ఆయనకూ నాకూ ప్రార్థనలు జరిపిన సంఘానికి వసారాలోని రెండు బెంచీలు ఇవ్వవలెను. పాస్టరు గారికి అప్పుడు నేను చెప్పింది అబద్ధమని ఈ వీలునామా ద్వారా ఒప్పుకుంటున్నాను. ఆ పాస్టరు గారు లేరు. ఇప్పటి పాస్టరు గారు కావాలంటే దీన్ని ఆదివారం చదివి వినిపించవచ్చు.

13. ఈ వీలునామాను అమలు జరపవలసిన బాధ్యత నా కుమార్తె లిల్లీది. నేను బ్రతికి ఉన్నంతకాలం దీన్ని మార్చుకొనుటకు, రద్దు చేసుకొనుటకు నాకు హక్కు ఉన్నది. నా మరణానంతరమే ఇది అమలులోకి రావలెను.

14. పెంచలకృష్ణకు ఏమి ఇవ్వాలా అని చాలా రోజులు ఆలోచించాను. మా ఆయన చేతి గడియారం ఇద్దామనుకున్నాను. సాక్షి సంతకం కూడా అతనిదే పెట్టించాలనుకున్నాను. వీలునామాకు సాక్షిగా ఉన్నవాళ్లకు అదే వీలునామాలో ఇచ్చింది చెల్లదని వాణి గారు చెప్పారు. రెంటిలో ఏదో ఒకటే. ఆ మాట ఈ రోజు అతన్నే అడిగాను. అతను ముందు వాణి గారిని అడిగాడు: "దొంగాట ఆడినోడని పేరు పడినోణ్ణి. నా సంతకం చెల్లుద్దా అమ్మా?" చెల్లుతుందన్నారు ఆమె. "అయితే గడియారం వద్దు వదినా. నేను చూసింది నిజమని రాయమని ఇన్నేళ్లలో నన్ను ఎవురూ అడగలేదు," అన్నాడు.

కనుక గడియారం బెన్హరుకు. పెంచలకృష్ణకు ఈ వీలునామాలో ఏమీ లేదు.

తేది 2025 ఫిబ్రవరి 8, శనివారం, పగలు మూడు గంటలకు, లాకుపాలెంలో.

(సంతకం) మేకల ఎలిశబెతు

సాక్షులు, ఆమె సంతకం చేయగా కళ్లారా చూసి, ఆమె ఎదుటనే సంతకం చేసినవారు:

1. పామంజి పెంచలకృష్ణ, బోగోలు. వయస్సు 83. పూర్వం పడవ సరంగు. నేను చూసినాను, ఇది నిజము.

2. పామంజి కామాక్షి, బోగోలు.

రాసినవారు: ఎస్. వాణి, వకీలు, కావలి.